కంట్రోల్ సిస్టమ్స్ వదలకుండా సైబర్ భద్రతలోకి వెళ్లొచ్చా?

ప్రశ్న: బీటెక్ ఈఈఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. నెట్‌వర్క్ మీద నడిచే కంట్రోల్ వ్యవస్థలపై మెషిన్ లెర్నింగ్‌తో చేసే డినయల్ ఆఫ్ సర్వీస్ దాడుల (సమాచారం అందకుండా అడ్డుకునే దాడులు) గురించి ఫైనలియర్ ప్రాజెక్టు చేయాలనుంది. స్నేహితులేమో ఎథికల్ హ్యాకింగ్ కోర్సులో చేరమంటున్నారు. ఏది మేలు?

జవాబు: ప్రాజెక్టే చేయండి. వెబ్‌సైట్‌పై దాడి జరిగితే అది కాసేపు తెరుచుకోదు, తర్వాత మామూలవుతుంది. సెన్సర్ నుంచి కంట్రోలర్‌కు వెళ్లే ప్యాకెట్లు (సమాచారపు ముక్కలు) ఆగితే మాత్రం ప్లాంటు, అంటే కంట్రోలర్ నడిపే యంత్రం, ఆగి ఎదురుచూడదు. అది ఏ స్థితిలో ఉందో కంట్రోలర్‌కు అంచనా తప్పుతూ పోతుంది. ఎన్ని ప్యాకెట్లు పోయాయన్నదే కాదు, ఏవి పోయాయన్నదీ లెక్కే. ఆ లెక్క కట్టడానికి కంట్రోల్ సబ్జెక్టు రావాలి. అది మీకు ఇప్పటికే ఉన్న బలం.

కాగితం మీద చేసి చూడండి. స్థితి ప్రతి అడుగులో 1.2 రెట్లయ్యే వ్యవస్థ తీసుకోండి. ప్రాసెస్ నాయిస్ (వ్యవస్థలోని ఒడిదొడుకులు), కొలత నాయిస్ (సెన్సర్ తప్పులు) రెండింటి వేరియన్స్, అంటే చెదురు ఎంతో చెప్పే కొలత, 1. కొలతల నుంచి స్థితిని అంచనా వేసే కాల్మన్ ఫిల్టర్ సెన్సర్ దగ్గరే ఉండి అంచనాను పంపుతుంది. ప్యాకెట్ అందినప్పుడు అంచనా ఎర్రర్ వేరియన్స్ 0.66. ఒకటి పోతే 1.95, వరుసగా రెండు పోతే 3.81, ఆపైన 6.49, 10.34, ఐదోదానికి 15.89. పది ప్యాకెట్లలో ఒకటి విడిచి ఒకటి చొప్పున ఐదు పోతే ఈ వేరియన్స్‌ల మొత్తం 13. అవే ఐదూ వరుసగా పోతే 42 దాకా వస్తుంది. జామింగ్‌కు (సిగ్నల్‌ను అడ్డుకోవడానికి) శక్తి పరిమితంగా ఉన్న దాడిదారు వెతికేది ఈ తేడానే. వ్యవస్థ మోడల్ తెలియకపోయినా, ప్రయత్నిస్తూ ఫలితాల నుంచి నేర్చుకునే క్యూ-లెర్నింగ్‌తో దాన్ని పట్టేయగలడన్నదే మీరు ఎంచుకున్న అంశం సారాంశం.

ప్రాజెక్టుకు మామూలు ల్యాప్‌టాప్, పైథాన్, నంపై చాలు. ఏజెంటు (దాడిదారు పాత్రలో నేర్చుకునే ప్రోగ్రాం) చూసే స్థితి, చివరి ప్యాకెట్ అంది ఎన్ని అడుగులైందన్నది, 0 నుంచి 15 వరకు. చర్యలు రెండే: దాడి చేయడం, ఊరుకోవడం. ఎర్రర్ వేరియన్స్‌లోంచి దాడి ఖర్చు తీసేస్తే రివార్డు. దాడి చేస్తే ప్యాకెట్ పోయే అవకాశం 0.6, చేయకపోయినా 0.1 పెట్టండి. డిస్కౌంట్ (తర్వాతి అడుగుల రివార్డుకు ఇచ్చే విలువ) 0.95. ముందు, మోడల్ తెలిసినప్పుడు లెక్కతోనే జవాబు తేల్చే వాల్యూ ఇటరేషన్‌తో సరైన జవాబు తీసి పెట్టుకోండి. అది లేకుండా క్యూ-లెర్నింగ్ నేర్చిందో లేదో చెప్పే ఆధారం ఉండదు.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. దాడి సఫలమయ్యే అవకాశం 0.69 దాటితే, అంటే 1ని 1.44తో భాగిస్తే వచ్చేదాన్ని మించితే, ఎడతెగని దాడిలో సగటు ఎర్రర్‌కు హద్దే ఉండదు. కోడ్‌లో తప్పుందనుకుని రోజులు పోగొట్టుకోకండి, అది గణితం. 15 దగ్గర కోసేసిన స్థితి ఆ విస్ఫోటనాన్ని కప్పిపెడుతుంది కాబట్టి రిపోర్టులో ఆ మాట రాయండి. ఖర్చు 0 అయితే ఏజెంటు ఎప్పుడూ దాడే చేస్తుంది, నేర్చుకున్నదేమీ ఉండదు. 0.5 నుంచి మొదలుపెట్టి పెంచుతూ పోండి. ఇక వరుసగా పది ప్యాకెట్లు పోయే అవకాశం నిరంతర దాడిలోనూ వెయ్యికి ఆరు. ఆ స్థితులు ఏజెంటుకు అరుదుగా ఎదురవుతాయి గనుక కొన్ని ఎపిసోడ్లను (శిక్షణ విడతలను) అక్కడినుంచే మొదలుపెట్టండి.

దాడితో ఆపితే సగం పనే. రక్షణగా, రెండు ఛానెళ్లలో దేనిలో పంపాలో సెన్సర్ యాదృచ్ఛికంగా ఎంచుకునేలా చేయండి. తర్వాత దాడిదారుకు మళ్లీ మొదటినుంచి శిక్షణ ఇవ్వండి. పాత దాడిదారుపై గెలిచి రక్షణ కుదిరిందని రాస్తే వైవాలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. సింగపూర్ స్వాట్ నీటిశుద్ధి డేటాసెట్ మంచిదే, కానీ అందులో ఎక్కువ భాగం విలువలు మార్చే దాడులు. ఈ పనికి సరిపోదు.

అంతా సిమ్యులేషన్‌లోనే చేయండి. కాలేజీ వైఫై మీద కూడా ప్రయత్నించొద్దు. ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా ఉన్నాయి.

పై చదువుకు ఐఐటీ బాంబేలో సిస్టమ్స్ అండ్ కంట్రోల్ ఎంటెక్ సూటిగా సరిపోతుంది. గేట్ రాయాలి. కీలక వ్యవస్థల భద్రతపై ఐఐటీ కాన్పూర్‌లో సీ3ఐ హబ్ పనిచేస్తోంది. ఉద్యోగ ప్రకటనల్లో ఈ ప్రాజెక్టు పేరు కనిపించదు. ఓటీ సెక్యూరిటీ (ప్లాంటు యంత్రాలను నడిపే వ్యవస్థల భద్రత) అని వెతకండి. అక్కడ అడిగేవి పారిశ్రామిక కంట్రోల్ వ్యవస్థల భద్రతకు ఐఈసీ 62443 ప్రమాణం, పీఎల్‌సీ (యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్), స్కాడా (ప్లాంటును దూరం నుంచి గమనించి నడిపే వ్యవస్థ), అసలు పాస్‌వర్డే అడగని మాడ్‌బస్ టీసీపీ అనే సమాచార పద్ధతి, దాని 502 పోర్టు. నడుస్తున్న ప్లాంటులో పాత పీఎల్‌సీని స్కాన్ చేస్తే అది బిగుసుకుపోవచ్చన్న జ్ఞానం కూడా చూస్తారు. ఈఈఈ వాళ్లకు ఇంకో ఆధిక్యం ఉంది. 2016 డిసెంబరులో ఉక్రెయిన్ రాజధాని కీవ్ సబ్‌స్టేషన్‌పై ప్రయోగించిన ఇండస్ట్రోయర్ అనే మాల్‌వేర్‌లో సీమెన్స్ ప్రొటెక్షన్ రిలేలను (లోపం వస్తే కరెంటు కట్ చేసే పరికరాలను) స్పందించకుండా చేసే భాగం ఒకటి ఉంది. రిలే మూగబోతే ఏమవుతుందో మీకు ఒకరు చెప్పక్కర్లేదు.

హ్యాకింగ్ కోర్సుకు డబ్బు కట్టే ముందు లినక్స్, వైర్‌షార్క్ (నెట్‌వర్క్ ప్యాకెట్లు చూపే సాఫ్ట్‌వేర్), సాకెట్ ప్రోగ్రామింగ్ సొంతంగా నేర్చుకోండి. రోజుకు గంట చొప్పున మూడు నెలలు పడుతుంది. అప్పటికీ ఆ కోర్సు అవసరమనిపిస్తే చేరొచ్చు.