గొడవలు కావమ్మా, చంపారు

చిక్కడపల్లి, హైదరాబాద్

అమ్మా మాధవీ,

నీ కథ రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ఆఫ్రికాలోని రువాండా పిల్లల మీద తెలుగులో కథ రాయాలనిపించడమే నాకు చాలా నచ్చింది. కానీ మొదటి పేజీలోనే ఆగిపోయాను. "1994 గొడవల్లో లక్షల మంది ప్రాణాలు కోల్పోయారు" అని రాశావు. గొడవలేమిటమ్మా? కుళాయి దగ్గర బిందెల కోసం అయ్యేది గొడవ. అక్కడ ఏప్రిల్ నుంచి జూలై దాకా, దాదాపు 100 రోజుల పాటు, హుటూ జాతిలోని తీవ్రవాదులు టుట్సీ జాతివాళ్లని ఏరి ఏరి చంపారు. రోడ్డు మీద ఆపి గుర్తింపు కార్డు చూపించమన్నారు. బెల్జియం పాలకులు 1930ల్లో తెచ్చిన ఆ కార్డుల్లో హుటూనా టుట్సీనా అని రాసి ఉండేది, టుట్సీ అని కనబడితే అక్కడికక్కడే చంపారు, ఈ పనికి ఒప్పుకోని హుటూలనూ వదల్లేదు. ఎవరిని చంపాలో రేడియోలో పేర్లు చదివారు. ఇంతమంది ఇన్ని పనులు చేస్తే నీ వాక్యంలో చేసినవాడు ఒక్కడూ లేడు.

ఇది మనందరికీ ఉన్న అలవాటే. నేను లాల్ దర్వాజాలో పెరిగాను. 1990 డిసెంబర్లో హిందూ ముస్లిం కల్లోలాలప్పటి కర్ఫ్యూ రోజుల్ని మా ఇంట్లో ఇప్పటికీ "ఆ గొడవలప్పుడు" అంటారు, "ఆ వానలప్పుడు" అన్నట్టుగా. పొడిచినవాడి ఊసు ఉండదు. అయితే ఒకటి, ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి కథలోకి తేకు. ఒక జాతినే లేకుండా చేయాలని పూనుకోవడాన్ని జాతి నిర్మూలన అంటారు, ఆ మాటను ప్రతి కొట్లాటకీ వాడితే అక్కడ చచ్చిపోయినవాళ్లకి అన్యాయం చేసినట్టే.

ఇక చివరి పేజీ. "క్రమంగా అక్కడ శాంతి నెలకొంది." మళ్లీ అదే! ఎవరూ ఏమీ చేయకుండానే నెలకొందా?

న్యాంగే అనే ఊళ్లో, 1997 మార్చిలో, ఒక రాత్రి సాయుధులు హైస్కూల్లోకి చొరబడ్డారు. ఇంటర్ చదివే వయసు పిల్లలు, హోంవర్క్ చేసుకుంటున్నారు. హుటూలు ఒక పక్కకి, టుట్సీలు ఒక పక్కకి జరగమన్నారు. పిల్లలు జరగలేదు. మేమందరం రువాండావాళ్లమే అన్నారు. గ్రనేడ్లు విసిరారు, కాల్చారు, కొందరు పిల్లల్ని చంపారు. హుటూ పిల్లలు పక్కకి జరిగి ఉంటే బతికిపోయేవాళ్లే, అది తెలిసీ కదల్లేదు. ఆ విద్యార్థులను దేశం తన వీరుల జాబితాలో చేర్చుకుంది. శాంతి అంటే నాకు ముందు ఆ కదలని బెంచీలే గుర్తొస్తాయి.

ఎప్పుడూ ప్రాణం మీదికే రావాలని కాదు. బోస్నియా చూడు. 1995 జూలైలో స్రెబ్రెనిత్సా దగ్గర బోస్నియా సెర్బుల సైన్యం 8,000 మందికి పైగా బోస్నియాక్ మగవాళ్లని, మగపిల్లల్ని, అంటే అక్కడి ముస్లింలని, చంపింది ఆ దేశంలోనే. అదే దేశంలో ఇంకో మూల యాయ్‌త్సె అనే ఊరుంది. అక్కడ క్రొయాట్లు, బోస్నియాక్‌లు ఉంటారు, యుద్ధంలో ఈ రెండు జాతులూ ఒకదానితో ఒకటి పోరాడినవే. 2016లో అధికారులు బోస్నియాక్ పిల్లలకి వేరే హైస్కూలు పెడతామన్నారు. రెండు వైపుల పిల్లలూ కలిసి రోడ్డెక్కారు, మాకొద్దు అన్నారు. మరుసటి ఏడాది ఆ ప్లాన్ పక్కన పెట్టేశారు. పెద్దవాళ్లు గీసిన గీతని పదిహేడేళ్ల పిల్లలు చెరిపేశారు, దీన్ని కథలో ఎందుకు వదిలేశావో నాకు అర్థం కాలేదు. యువత, శాంతి, భద్రతల మీద 2015లో భద్రతా మండలి చేసిన 2250 తీర్మానానికి మాత్రం పేజీ ఇచ్చావు. దానికి ఒక్క లైను చాలు.

కర్ఫ్యూ ఎత్తేశాక మా వీధి చివరి ఇరానీ హోటల్ తెరిచారు. అంతకుముందు వన్ బై టూ చాయ్ తాగినవాళ్లే వేరే వేరే టేబుళ్ల దగ్గర, తలుపు వైపు మొహం పెట్టుకుని కూర్చున్నారు. ఎన్ని రోజులో లెక్క లేదు. ఒకరోజు మా కాలేజీ కుర్రాడొకడు పక్క టేబుల్ వైపు తిరిగి "భాయ్, స్పోర్ట్స్ పేజీ అయిపోయిందా?" అన్నాడు. ఆయన పేపర్లోంచి ఆ షీటు మాత్రం లాగి, మడత పెట్టి, చేయి చాచి ఇచ్చాడు. అంతే, ఇద్దరూ ఇంకో మాట మాట్లాడలేదు. ముప్ఫై ఏళ్లు దాటినా ఆ చేయి నాకు కనబడుతూనే ఉంది. నీ కథకి కావలసింది ఇలాంటివి.

అందుకే నీ కౌగిలింత సీను తీసెయ్. తండ్రిని పోగొట్టుకున్న పిల్ల, ఆ తండ్రిని చంపినవాడి కొడుకుని పట్టుకుని ఏడ్చి క్షమించేస్తుంది, మనం కళ్లు తుడుచుకుంటాం. ఆ క్షమించడం ఎవరికి అవసరమమ్మా? మనకి. క్షమించాల్సిన బాధ్యత ఆ పిల్లకి లేదు. ఆమె క్షమించకుండానే వాడితో కలిసి ఒక గోడకి సున్నం కొట్టొచ్చు, ఒకే బల్ల మీద కూర్చుని లెక్కలు చేయొచ్చు. వాడి సంగతీ చూడు, వాడు పుట్టకముందు నాన్న చేసిన పనికి వాడేం సంజాయిషీ చెప్పగలడు? ఇంట్లో అడిగితే అమ్మ మాట మార్చేస్తుంది. ఆ మౌనం దగ్గర ఇంకో రెండు పేజీలు ఉండు.

ఒక హెచ్చరిక. న్యాంగే పిల్లల పేర్లు వాడి, వాళ్ల నోట్లో నీ డైలాగులు పెట్టకు. బడిని కల్పించుకో, ఊరిని కల్పించుకో, చనిపోయినవాళ్ల మాటల్ని మాత్రం కల్పించకు.

ఆదివారం సాయంత్రం సెంట్రల్ లైబ్రరీ దగ్గరే ఉంటాను, ప్రింటు తీసుకురా, ఫోన్లో నాకు చదవడం కాదు. ఆ ఇద్దరు పిల్లలూ బడి నుంచి కలిసి బయల్దేరి, దారిలో ఎక్కడి దాకా కలిసి నడుస్తారో, ఎక్కడ విడిపోతారో, అది రాసి తీసుకురా.