హెడ్‌మిస్ట్రెస్ అయిన మా చెల్లెలి కూతురికి

అమ్మాయ్,

ఆదివారం పూజ అయ్యి ఇంటికొచ్చానో లేదో, మీ అమ్మ ఫోన్ చేసింది. నిన్ను ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్ మిషన్) ప్రాథమిక పాఠశాలకి హెడ్‌మిస్ట్రెస్‌గా వేశారట. వచ్చీ రాగానే ‘స్టార్ ఆఫ్ ది వీక్’ పెడుతున్నావట. మొదటి స్టార్లు ఆగస్టు 15న జెండా వందనం అయ్యాక ఫాదర్‌గారి చేత ఇప్పిస్తావట. గడగడా చెప్పేసింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అరుగు మీదే కూర్చున్నాను. పలక మీద ‘ఇ’ తలకిందులుగా రాసి, నా కొంగు లాగి చూపించిన పిల్ల ఇవాళ ఒక బడికి పెద్ద. కళ్లు చెమర్చాయి. ఆ వెనకే టెన్షన్ కూడా మొదలైంది. ఫోన్‌లో చెబితే ‘సరే పెద్దమ్మా, సరే’ అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ముందు చిన్న చిన్నవి. ఆ రోజు మరియమాత మోక్షారోపణ పండుగ కూడా కాబట్టి పూజ ఎన్నింటికో కనుక్కుని దాని ప్రకారం జెండా సమయం పెట్టుకో. మైకు, షామియానా ముందే చెప్పుకో. సర్టిఫికెట్ల మీద ఇంటిపేర్లు అడ్మిషన్ రిజిస్టర్‌తో సరిచూడు. పిల్లల్ని ఎండలో నిలబెట్టకు.

ఇక అసలు సంగతి. దేనికి స్టార్ ఇస్తావో మీ అమ్మ చదివి వినిపించింది. మొదటిది హాజరు. వారంలో ఒక్క రోజు కూడా మానని వాళ్లకి స్టార్. అది వినగానే నా చేతులు చల్లబడ్డాయి. అది తీసెయ్యి తల్లీ. ఎందుకో చెబుతాను. ఈ సంగతి మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు.

నేను హెడ్‌మిస్ట్రెస్ అయిన మూడో ఏడు. మన వైపు మిర్చి కోతలు మొదలైతే బడి ఎలా ఉంటుందో నువ్వు చూశావు. తరగతిలో సగం మంది ఉండరు. పెద్ద పిల్లలు కాయ కొయ్యడానికి పోతారు, చిన్నవాళ్లు ఇంట్లో చంటిపిల్లల్ని చూసుకుంటారు. దీన్ని ఎలాగైనా ఆపాలని నా జీతంలోంచి రెండు గిన్నెల స్టీలు క్యారేజి కొన్నాను. అందరికీ కనబడేలా ఆఫీసు గదిలో అద్దాల బీరువాలో పెట్టాను. ఏడాదంతా ఒక్క రోజూ మానని పిల్లలకి వార్షికోత్సవంలో అది బహుమతి అన్నాను. ప్రతి సోమవారం ప్రార్థనలో, ఇంకా ఎవరెవరు మిగిలారో పేర్లు చదివేదాన్ని. క్రిస్మస్ నాటికి ఏడుగురు మిగిలారు. ఫిబ్రవరి వచ్చేసరికి ఒక్కడే. మూడో తరగతి పిల్లాడు, శివారు పల్లె నుంచి వచ్చేవాడు.

వాణ్ణి నాయనమ్మ పెంచింది. రోజూ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, వాడు ప్రార్థన లైనులో నిలబడేదాకా గేటు దగ్గరే ఉండి వెళ్లేది. ఆవిడ రావడం మానేసి పది రోజులైనా నేను గమనించలేదు.

ఒక సోమవారం ఆ పల్లె నుంచి ఆరుగురు పిల్లలు రాలేదు. కోతలకి పోయుంటారని విసుక్కున్నాను. వీడొక్కడే వచ్చాడు. వాణ్ణి అందరి ముందు నిలబెట్టి, ‘చూడండి, ఊరంతా మానినా వీడు మానలేదు’ అని చప్పట్లు కొట్టించాను. వాడు తల దించుకుని నిలబడ్డాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

మధ్యాహ్నం రెండున్నరకి గుడి గంట మొదలైంది. చావు గంట నీకు తెలుసుగా, ఒక్కో దెబ్బకీ మధ్య ఎంతో సేపు. తెల్లవారుజామునే ఒకసారి మోగిందట. నేను ఎనిమిదిన్నర బస్సుకి వచ్చేదాన్ని, వినలేదు. గంట మోగుతుంటే వాడు లెక్క మధ్యలో ఆపి పలక మీద తల పెట్టేశాడు. దగ్గరికెళ్లి ఏమైందని అడిగాను. ‘మా నాయనమ్మకి, టీచర్’ అన్నాడు.

‘మరి ఎందుకొచ్చావు నాన్నా?’

‘ఇంకా 19 రోజులే టీచర్. మానితే పేరు తీసేస్తారుగా.’

ఇల్లంతా ఏడుస్తూ జనంతో నిండిపోయుంటే, సంచీ తగిలించుకుని ఎవరికీ చెప్పకుండా రెండు కిలోమీటర్లు నడిచొచ్చాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని గుడికి పరుగెత్తాను. మేం వెళ్లేసరికి పెట్టె మూత బిగించేశారు. కడచూపు దక్కలేదు వాడికి. వాళ్ల నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. ‘పొద్దుట్నుంచీ వెతుకుతున్నాం టీచరమ్మా’ అన్నాడు, అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

ఊరు ఊరంతా కలిసి ఒక ముసలమ్మని సాగనంపుతుంటే, ఆవిడ చేతుల్లో పెరిగిన పిల్లాణ్ణి నేను బడిలో కూర్చోబెట్టాను. పైగా చప్పట్లు కొట్టించాను. వార్షికోత్సవం నాడు క్యారేజి వాడికే ఇచ్చాను, మాటిచ్చాను కదా. తీసుకున్నాడు. కానీ అందులో అన్నం తెచ్చుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు. తర్వాతి ఏడాది నుంచి ఆ బహుమతే లేదు.

మిర్చి కోతల సంగతీ తర్వాతే అర్థమైంది. తల్లితో పాటు కోతకి పోయిన పిల్ల తన ఇష్టంతో మానలేదు. క్యారేజి ఆశపెడితే ఆ ఇంటి అవసరం తీరదు. సాయంత్రం వాళ్ల పల్లెకి వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడితే కొందరు పంపారు. కాళ్లు నొప్పి పెట్టే పనే, కానీ చేసి తీరాలి.

నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే, దేన్నైనా చప్పట్లతో మొదలుపెట్టాలంటావు. అది తప్పని అనను. కానీ రెండో తరగతిలో పద్యాల పోటీలో బహుమతి రాలేదని నువ్వు ఏం చేశావో గుర్తుందా? క్రిస్మస్‌కి గుళ్లో కట్టిన పశువుల పాక వెనకాల గడ్డిలో దాక్కున్నావు. మీ అమ్మ పిలిచినా రాలేదు. నేను నీ పక్కన కూర్చుని, నిన్న సాయంత్రం నువ్వు వరిగడ్డి ఎన్నిసార్లు మోసుకొచ్చావో చూశానని చెప్పాను. ‘ఎన్నిసార్లు?’ అన్నావు ముక్కు ఎగబీలుస్తూ. తొమ్మిది అన్నాను. ‘పది’ అని లేచి వచ్చేశావు. నువ్వు మోసిన పది మోపుల గురించి ఒక మనిషికి తెలుసు, అది చాలింది నీకు. స్టార్ల గురించి ఆలోచించేటప్పుడు ఆ గడ్డిలోని పిల్లని తలుచుకో.

ఆ క్యారేజి సంగతి తర్వాత నేను చేసింది ఇది. ఒక పొడుగు నోటుబుక్కు కొని ప్రతి పిల్లకీ ఒక పేజీ పెట్టాను. రోజుకి ఐదుగురి గురించి ఒక్కో వాక్యం. ‘గుడ్’, ‘బాగా చదువుతుంది’ లాంటివి రాయకూడదని నాకు నేనే పెట్టుకున్నాను. ‘క్ష వత్తు మూడుసార్లు చెరిపి రాసింది’, ‘ఏడో ఎక్కం తడబడ్డాడు, అయినా చివరిదాకా చెప్పాడు’, ‘తమ్ముడికి గుడ్డు ఇచ్చి తను ఉత్త అన్నం తిన్నది’. ఈ వాక్యాలే పిల్లలకి చెప్పు. కొందరికి అందరి ముందు, కొందరికి చెవిలో. అందరి ముందు పేరు పిలిస్తే ముడుచుకుపోయే పిల్లలుంటారు, వాళ్లెవరో నీకు నెల రోజుల్లో తెలిసిపోతుంది. మూడు నెలలు గడిచినా పేజీ ఖాళీగా ఉందంటే తప్పు ఆ పిల్లది కాదు, మనం చూడలేదని లెక్క.

ఇటలీలో పేద పిల్లలకి బళ్లు నడిపిన ఫాదర్ డాన్ బోస్కో గారు 1884లో రోము నుంచి తన బడివాళ్లకి ఒక ఉత్తరం రాశారు. పిల్లల్ని ప్రేమిస్తే చాలదు, మనం ప్రేమిస్తున్నామని పిల్లలకి తెలియాలి అని అందులో ఉంటుంది. నేను టీచర్ ట్రైనింగ్‌లో ఇది విన్నాను, గేటు దగ్గర ఆ ముసలమ్మ ముఖం మనసులో పడ్డాకే అర్థమైంది.

ఇంకోటి. స్టార్ పొందినవాళ్ల ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పెడతానన్నావట. పెట్టే ముందు, ఫోటో లేని పిల్ల ఇంట్లో ఆ రాత్రి ఏం జరుగుతుందో ఊహించుకో. 2009 విద్యాహక్కు చట్టం బెత్తంతో పాటు మనసు గాయపెట్టడాన్ని కూడా వద్దంది. కొట్టకుండా కూడా పిల్లని కుంగదీయవచ్చు, పేర్లు చదివిన నాకు తెలుసు.

సత్యోపదేశంలో, అంటే మన మత పాఠాల్లో, మార్కులకీ, పూజకి రావడానికీ స్టార్ పెట్టకు. నీ బడిలో హిందువుల పిల్లలు, ముస్లింల పిల్లలు ఉన్నారు. వాళ్లకి అందని స్టార్ బడి గోడ మీద ఉండకూడదు. మా బడిలో క్రిస్మస్ నాటకానికి దేవదూతల గౌన్లు ఏటా ఒక సాయిబుగారు కుట్టేవారు, ఇద్దరు మనవరాళ్లు మా దగ్గరే చదివారు. డబ్బులివ్వబోతే తీసుకునేవారు కాదు. ఆయన్ని ఒక ఏడాది వేదిక మీదకి పిలిచి పిల్లల చేత బహుమతులు ఇప్పించాను. అలాంటి వాళ్లు నీ ఊళ్లోనూ ఉంటారు. మధ్యాహ్న భోజనం వండే అమ్మ, గుడి గంట కొట్టే తాత, శనివారాలు వచ్చి బడి ఊడ్చే తల్లి. ఆగస్టు 15న స్టార్లు ఫాదర్‌గారు ఒక్కరే ఎందుకివ్వాలి? ఆయన్ని అడుగు, సంతోషంగా ఒప్పుకుంటారు.

నా నోటుబుక్కులు నాలుగు మిగిలాయి. ఒకటి మీ అమ్మతో పంపిస్తున్నాను, పేర్లున్న చోట కాగితం అంటించాను. నేను 14 సాయంత్రం బస్సుకి వస్తాను. చేపలూ అవీ తెచ్చి హడావిడి పడకు, పప్పు చాలు.

ఈలోగా ఒక్క పని చెయ్యి. ఎవరెవరు నాయనమ్మల దగ్గర, అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారో తరగతుల వారీగా రాసి నీ బల్ల మీద పెట్టుకో. గంట కొట్టే తాత ఫోన్ నంబర్ తీసుకో. తెల్లవారుజామున గంట మోగితే ఎవరికోసమో బడి తెరవకముందే నీకు తెలియాలి.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

మీ పెద్దమ్మ