సంచి మీద తేదీ రాయి

చిరంజీవి లావణ్యకు, మామయ్య ఆశీస్సులు.

నాసిరకం ఆయిల్ షేల్‌ను, అదే నూనె తీసే రాయిని, ఫ్లోటేషన్‌తో, అంటే నూరి నీళ్లలో గాలి బుడగలతో తేల్చి, మెరుగుపరిచే పని మీద ఈస్టోనియా వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ధన్‌బాద్ బొగ్గు వాషరీలో 28 ఏళ్లు ఆ నురుగుతోనే గడిపినవాణ్ణి, ఎంత పొంగిపోయానో! రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

అక్కడి ఆయిల్ షేల్ కుకర్సైట్‌లో నూనెనిచ్చే పదార్థం కెరోజెన్‌కి నీళ్లు పడవు, బుడగను పట్టుకుని పైకొస్తుంది. సున్నపురాయి, మట్టి తడిసి కిందే ఉంటాయి. సరిగా నూరకపోతే అవి విడిపోవు, మరీ మెత్తగా నూరితే మట్టి కూడా నురుగులోకి ఎక్కేస్తుంది. అడుగున మిగిలిందీ ఆరబెట్టి తూకం వేయి. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయమంతా శాంపిల్ గురించి. ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండు గోనెసంచుల బొగ్గుపొడి తెప్పించి, ల్యాబ్ వరండాలో పెట్టి, మీ అమ్మ పెళ్లికని ఊరెళ్లాను. మే నెల ఎండలు. పెళ్లిలో వడ్డనలన్నీ నావే, సంచుల సంగతి గుర్తుంటే ఒట్టు! నెల తర్వాత వచ్చి ఫ్లోటేషన్ సెల్, అదే నురుగు తేల్చే తొట్టి, ఆన్ చేస్తే నల్లగా, బరువుగా రావాల్సిన నురుగు సబ్బునీళ్లలా తెల్లగా వచ్చింది. బొగ్గును బుడగకి అంటించే డీజిల్ పెంచాను. నురుగు కట్టించే పైన్ ఆయిల్ పెంచాను. నురుగు పొంగి నేలంతా పారింది గానీ అందులో బొగ్గు లేదు. మూడు వారాలు కుస్తీ పట్టి, ‘ఈ బొగ్గు తేలదు’ అని రిపోర్టు రాసేశాను.

శాంపిళ్లు మోసే ముసలాయన గుప్పెడు పొడి చేతిలోకి తీసుకుని, “సాబ్, ఇది ఎన్నాళ్లదీ?” అన్నాడు. బెల్టు మీది తాజా బొగ్గు తనే తెచ్చిచ్చాడు. మొదట వేసిన కాస్త డీజిల్‌తోనే గడ్డపెరుగులా చిక్కగా, నల్లగా లేచింది. గాలి సోకి బొగ్గు పైపొర ఆక్సీకరణం చెందితే నీళ్లకి లొంగి తడిసిపోతుంది, ఇక బుడగను పట్టుకోదు తల్లీ. అంత చదువు చదివి ఆ ముక్క నాకు తట్టలేదు. రిపోర్టు చింపేశాను.

షేల్ ఎన్నాళ్లు ఓర్చుకుంటుందో నువ్వే పరీక్షించి చూడాలి. అందాకా గాలి చొరకుండా మూసి చల్లగా ఉంచు, ఏ రోజుది ఆ రోజే నూరుకో. పొడి దగ్గర మాస్కు తీశావని తెలిసిందో, ఊరుకోను. మా ల్యాబ్‌లో మాస్కు పెట్టనివాళ్ల దగ్గు ఇంకా చెవుల్లో ఉంది.

మీ అమ్మ స్వెట్టర్లు సర్దుతోందట. తడిసినా చెరగని మార్కర్ పెన్నులు డజను కొన్నాను, పెట్టెలో చోటుంచు.

మామయ్య