కొత్తింటి పెరడు: మొక్కల కన్నా ముందు మట్టి సంగతి చూడండి

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. శ్రీకాకుళం శివార్లలో సొంతిల్లు కట్టుకున్నారు, జ్యేష్ఠంలో గృహప్రవేశం అయింది, బాబుకి ఏడో నెల. ఇంటి వెనక సెంటుకి కాస్త పైనే జాగా మిగిలింది. అత్తగారు మనవడి పేరున కొబ్బరి మొక్క పాతమంటున్నారు. మీవారు యూట్యూబ్ చూసి గ్రో బ్యాగులు (మొక్కలు పెంచే సంచులు), కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) తెప్పిస్తానంటున్నారు. మేస్త్రీ అయితే "వెనకంతా గచ్చు చేసేద్దాం, బురద గొడవ ఉండదు" అన్నాడు. ఎవరి మాట వినాలి, అసలు ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

మేస్త్రీ మాట మాత్రం వినకండి. గచ్చు వేశాక మళ్ళీ పగలగొట్టించే ఓపిక ఎవరికీ ఉండదు. వాన నీరు ఇంకే చోటు పోతుంది, ఎండాకాలం వెనక గది సెగలు కక్కుతుంది. గిన్నెలు తోముకోవడానికి, బట్టలు ఉతుక్కోవడానికి పెరటి గుమ్మం ముందు నాలుగడుగుల గచ్చు చాలు.

మిగతా ఇద్దరి మాటలు తరవాత. ముందు ఒక పనుంది, అది చెయ్యకుండా ఏ మొక్క పెట్టినా డబ్బు దండగ.

కొత్తగా కట్టిన ఇంటి చుట్టూ ఉండేది నిజానికి మట్టి కాదు. పునాది తవ్వినప్పుడు పైకి వచ్చిన అడుగుమట్టి, దాని మీద సిమెంటు పెళ్ళలు, ఇటుక ముక్కలు, సున్నం, పుట్టీ, టైల్స్ ముక్కలు, మేకులు, ఆపైన లెవెల్ కోసం పోసిన గ్రావెల్. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క అందులో మొదట్లో బాగానే ఉంటుంది, ఎందుకంటే కవరులోంచి వచ్చిన మట్టితోనే బతుకుతుంది. వేరు బయటికి వెళ్ళగానే కొత్త చిగుళ్ళు పసుపు రంగుకి తిరుగుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. సిమెంటు, సున్నం కలిసి మట్టి క్షారంగా మారితే అందులో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. జనం అది చూసి బలం చాలలేదేమో అని యూరియా చల్లుతారు. దాని వల్ల ఉపయోగం లేదు.

ఇంట్లోనే రెండు పరీక్షలు చేసుకోవచ్చు. గుప్పెడు మట్టి తీసుకుని దాని మీద నిమ్మరసం పిండండి. చిన్నగా నురగలు కక్కితే సున్నం ఉన్నట్టే. ఇంకోటి, అడుగు లోతు గొయ్యి తీసి నిండా నీళ్ళు పొయ్యండి. మర్నాటికి కూడా ఇంకకపోతే అడుగున గట్టిగా దిమ్మిస కొట్టినట్టు బిగిసిపోయిందని లెక్క, గునపంతో కదిలించాల్సిందే.

మేం ఇల్లు కట్టినప్పుడు తవ్వడానికి వచ్చిన పెద్దాయన పార పట్టగానే అన్నమాట, "ఇటికిముక్కలు ఏరకుండా మొక్క ఎయ్యకండమ్మా, ఎదగదు." ఆయన చెప్పినట్టే పెరడంతా అడుగు లోతు తిరగేయించి, తట్టల కొద్దీ చెత్త ఏరించి పారబోయించాం. పునాది మట్టి మరీ తెల్లగా ఉన్నచోట తీసేసి ఎర్రమట్టి, చెరువుమట్టి కలిపి పోయించాం. ఖర్చు పెట్టాల్సింది అక్కడ. కుండీలకీ, రంగురంగుల నర్సరీ మొక్కలకీ కాదు.

తరవాతి పని మీలాంటి పసిబిడ్డ తల్లికి చాలా అనువైనది, ఎందుకంటే అందులో పనే లేదు. శుభ్రం చేసిన జాగాలో సగానికి పైగా జీలుగ చల్లెయ్యండి. పచ్చగా ఉండగానే కోసి నేలలో కలిపేస్తే ఎరువయ్యే పైరు అది. జీలుగ దొరక్కపోతే జనుము. సెంటుకి రెండు గుప్పెళ్ళ గింజలు సరిపోతాయి. ఈ వానలకి అవే మొలుస్తాయి, అవే పెరుగుతాయి, కలుపుని కూడా అణిచేస్తాయి. నలభై అయిదు రోజులకి పూత మొదలవుతుంది. గింజ కట్టకముందే కోసి, ముక్కలు చేసి, మట్టిలో కలిపి తిరగేయించి, రెండు మూడు వారాలు వదిలెయ్యండి. చౌడు నేలల్ని దారికి తెచ్చుకోవడానికి మన రైతులు చేసే పనే ఇది. ఆషాఢంలో చల్లితే ఇంచుమించు వినాయక చవితి నాటికి మీ నేల ఆకుకూరలకి తయారు. ఆషాఢంలో కొత్త పనులేంటని అత్తగారు అంటే, పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ ఆషాఢం వద్దు గాని విత్తనానికి ఆషాఢమే కదా అనండి. పొలం ఉన్న ఇంటివాళ్ళకి ఆ మాట ఇట్టే అర్థమవుతుంది.

జీలుగ పెరిగేలోపు చేతులు ఊరుకోవు కదా. ప్రహరీ గోడ పక్కన మూడు గోతులు తియ్యండి, ఒక్కోటి మూరెడు వెడల్పు, మూరెడు లోతు. బాగా చివికిన గెత్తం (పశువుల ఎరువు), మంచి మట్టి సగం సగం కలిపి నింపండి. చివికినదే అని ఎందుకంటున్నానంటే, పచ్చి పేడ వేస్తే వేరుకి వేడి, పైగా చెదలూ వేరుపురుగూ చేరతాయి. ఒక గోతిలో చిక్కుడు, ఒకదానిలో ఆనప, ఒకదానిలో బీర. మూడు నాలుగు గింజలు వేసి, మొలిచాక బలంగా ఉన్న రెండే ఉంచండి.

చిక్కుడు గురించి ఒకమాట. నాటు చిక్కుడు పగలు పొట్టి అయితే గాని పూతకి రాదు. అందుకని కార్తీకం దాకా ఒట్టి ఆకులే చూసి "ఇది గొడ్డుపాదు" అని పీకెయ్యకండి. ఇప్పుడు వేసింది సంక్రాంతికి విరగ కాస్తుంది, రథసప్తమికి మీ పెరటి కాయలే ఉంటాయి. అరసవల్లి సూర్యదేవుడి గుడి ఊళ్ళో పెట్టుకుని, చిక్కుడుకాయల రథం కట్టడానికి బజారులో కాయలు కొనడం నాకైతే మనసొప్పదు. మా అమ్మ విజయనగరం నుంచి మా గృహప్రవేశానికి వస్తూ చీర, పసుపుకుంకుమలతో పాటు కొంగున చిక్కుడు గింజలు ముడేసుకుని వచ్చింది. ఆ రకమే ఇప్పటికీ మా గోడ మీద ఉంది. పట్టుచీర బీరువాలోనే ఉంది.

ఆనప, బీర పాదులకి ఎక్కువమంది అడిగే ప్రశ్న "పిందె వచ్చి రాలిపోతోంది, ఏ మందు కొట్టాలి" అని. చాలాసార్లు మందు అక్కర్లేదు. ముందు మగపూలు వస్తాయి, ఒట్టి కాడ మీద. ఆడపువ్వుకి అడుగున బుల్లి కాయ ఉంటుంది. ఈ రెండు పాదుల పూలూ సాయంత్రం విచ్చుకుంటాయి. కొత్త కాలనీల్లో ఆ వేళకి తిరిగే పురుగులు తక్కువ, పుప్పొడి అంటక పిందె పండిపోయి రాలుతుంది. దీపాలు పెట్టే వేళకి ఒక మగపువ్వు కోసి, రేకులు వెనక్కి మడిచి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. రెండు మూడు రోజుల్లో కాయ ఊరడం కనిపిస్తుంది. మా చిన్నోడికి నాలుగేళ్ళప్పుడు ఈ పని వాడిదే. ఇంకెవరైనా చేస్తే ఏడుపు. మీ బాబుకి ఇప్పుడు పళ్ళు లేకపోయినా ఆనప కాసే నాటికి మెత్తగా ఉడికించి పప్పన్నంలో కలిపి పెట్టొచ్చు.

పందిరికి సరుగుడు కర్రలు వెయ్యండి, మన దగ్గర తేలిగ్గా దొరుకుతాయి. ఎత్తు మనిషి చెయ్యి అందేంతే ఉండాలి. దీనికి కారణం అందం కాదు, అక్టోబరు తుపాన్లు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న పక్కనే ఒడిశాలో గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014లో సరిగ్గా అదే తేదీన విశాఖ దగ్గర. తిత్లీ 2018 అక్టోబరు 11న మన పలాస వైపే. ప్రతి ఏడూ రాదు, కానీ మన జిల్లాల్లో పెరడు వేసుకునేవాళ్ళు దసరా రోజుల్లో గాలిని లెక్కలో పెట్టుకునే వెయ్యాలి. పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో తిత్లీకి ఏళ్ళ తరబడి పెంచుకున్న కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో పడిపోయాయి. అందుకే ఇంటి గోడకి దగ్గరగా ములగ, బొప్పాయి, అరటి వద్దు. ములగ కొమ్మ పెళుసు, బొప్పాయి వేరు పైపైనే ఉంటుంది. వేసుకోవాలనుంటే ప్రహరీ మూలకి వెయ్యండి, ములగ కొమ్మల్ని దసరాకి ముందే కొట్టేయండి. ఎలాగూ కొడితేనే కొత్త కొమ్మ వచ్చి కాయ బాగా పడుతుంది. ములగకి గొంగళిపురుగులు పట్టే కాలం ఒకటుంది, పాకే పిల్లాడున్న ఇంట్లో గుమ్మం పక్కన ఆ చెట్టు ఉంటే ఎంత టెన్షనో నన్నడగండి.

ఇక అత్తగారి కొబ్బరి. ఆవిడ కోరిక చిన్నది కాదు, కాదనకండి. కానీ కొబ్బరిచెట్టుకి చుట్టూ ఇరవై అయిదు అడుగుల దూరం కావాలి, సెంటు జాగాలో అది మొత్తం పెరట్ని మింగేస్తుంది. పెద్దయ్యాక కింద ఆడుకునే పిల్లల నెత్తిన మట్టలూ కాయలూ. మా ఇంట్లో ఇదే మాట వచ్చినప్పుడు కొబ్బరి ఊళ్ళో కల్లం గట్టున పాతి పిల్లాడి పేరు దానికి పెట్టాం, ఇంటి పెరట్లో వాడి పేరున జామ అంటు వేశాం. మా అత్తగారు పండగకి ఊరెళ్ళిన ప్రతిసారీ "నీ చెట్టు చూసొచ్చాను" అని వాడికి చెప్పేవారు. జామ అయితే రెండు మూడేళ్ళలో కాపుకొస్తుంది, కొమ్మ కిందనే ఉంటుంది, పిల్లాడు ఎక్కినా విరగదు. పొడుగు రకం కొబ్బరి కాయాలంటే బాబు బడిలో చేరే వయసు దాటాలి.

మీవారి గ్రో బ్యాగులు కూడా మానిపించక్కర్లేదు. వంటింటి తలుపు దగ్గర కొత్తిమీర, పుదీనా, నాలుగు మిర్చి మొక్కలకి బాగుంటాయి. అడుగున పళ్ళేలు మాత్రం వద్దు, నీళ్ళు నిలిచి దోమలు గుడ్లు పెడతాయి.

బాబు పాకడం మొదలయ్యేలోపు చూసుకోవాల్సినవి కొన్నున్నాయి. గన్నేరు, ముఖ్యంగా పచ్చగన్నేరు, దేవుడి పూలకని వెయ్యకండి. ఆకు, పువ్వు, గింజ అన్నీ విషమే. మందారం ఉండగా దాని అవసరం లేదు. సెప్టిక్ ట్యాంకు పక్కన ఆకుకూరలు వద్దు. పాదు మొదట్లో ఎండాకుల కుప్పలు ఉంచకండి, వానకాలం తేళ్ళూ పాములూ చేరతాయి. చిగుళ్ళకి పట్టే పేనుబంక పురుగుకి పొయ్యి బూడిద చల్లితే చాలు, మరీ ఎక్కువైతే లీటరు నీళ్ళకి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం పూట కొట్టండి. పురుగుమందు డబ్బా అసలు ఇంట్లోకే తేవద్దు. పసిబిడ్డ తల్లి మట్టి ముట్టకూడదని ఎవరైనా అంటే, చేతులు సబ్బుతో కడుక్కుని బిడ్డనెత్తుకోండి, అంతే.

వినాయక చవితి తరవాత తోటకూర, గోంగూర చల్లండి. తోటకూర నెలలోపే కోతకొస్తుంది. టమాటా, వంగ నారు మాత్రం పెద్ద వానలు తగ్గాకే నాటండి. విత్తనం కోసం ముందు పుట్టింటివాళ్ళని, పక్కింటివాళ్ళని అడగండి. లేదంటే ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, నైర వ్యవసాయ కళాశాల కూడా దూరం కాదు. తెగులు పట్టిన ఆకు పట్టుకెళ్ళి చూపించి అడగొచ్చు.

ఒక్కటి మీరు రాయలేదు. ఆ మిగిలిన జాగా ఇంటికి ఏ దిక్కున ఉంది, పక్క మేడ నీడ దాని మీద ఎంతసేపు పడుతుంది? పాదులకి రోజూ ఆరు గంటల ఎండ కావాలి. అది చెప్తే గోతులు ఏ గోడ పక్కన తియ్యాలో చెప్తాను.