సెన్సోజీ ఫొటోలకు ముందు ద్వారం ఒక్కటే చాలదు

టోక్యోలో రెండు రోజులే ఉంటామని, అసకుసాలోని ‘పాత గుడి’ని, అంటే సెన్సోజీ బౌద్ధాలయాన్నీ చుట్టుపక్కల వీధులనూ ఎప్పుడు, ఎక్కడ నుంచి తీస్తే బాగుంటుందో చెప్పమని అడిగారు. ఆ ఆలయానికి నడిచి వెళ్ళేంత దూరంలో కొన్నేళ్ళు ఉన్నాను. సెలవు దొరికితే కెమెరా తీసుకుని అక్కడే తిరిగేవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

తెల్లవారుజామునే వెళ్ళండి. ఆవరణలోకి ఏ వేళలోనైనా వెళ్ళవచ్చు. ప్రధాన మందిరం మాత్రం ఉదయం 6 గంటలకు, అక్టోబరు నుంచి మార్చి దాకా 6:30కి తెరుస్తారు. ఆ సమయంలో ముందు ద్వారం నుంచి ఆలయానికి దారితీసే నకామిసె వీధిలో దుకాణాలన్నీ మూసి ఉంటాయి. మంచిదే, ఎందుకంటే దాదాపు 250 మీటర్ల ఆ వీధి పొడవునా షట్టర్ల మీద అసకుసా పండుగల బొమ్మలు, ఋతువుల బొమ్మలు వేసి ఉన్నాయి. షట్టర్లు పైకి లేచాక వచ్చేవారికి అవి ఉన్నాయనే తెలియదు.

ముందు ద్వారమైన కమినారిమోన్‌కు వేలాడే పెద్ద ఎర్ర లాంతరును అందరూ ఎదురుగా నిలబడి తీస్తారు. 3.9 మీటర్ల ఎత్తు, సుమారు 700 కిలోల బరువు ఉన్న ఆ లాంతరు కిందికి వెళ్ళి తల పైకెత్తి చూడండి. అడుగున చెక్కలో చుట్టలు తిరిగిన డ్రాగన్ శిల్పం కనిపిస్తుంది. వైడ్ లెన్స్‌తో నేరుగా పైకి తీస్తే ఎర్రటి వలయం మధ్యలో డ్రాగన్ చక్కగా కూర్చుంటుంది. మే నెలలో సంజా పండుగ రోజుల్లోనూ, తుపాను గాలులు వీచేటప్పుడూ ఆ లాంతరును పైకి మడిచేస్తారు. మీ తేదీలు ముందే చూసుకోండి.

అయితే మీరు ‘పాత గుడి’ అన్నారు, అసలు విషయం అక్కడే ఉంది. 628లో సుమిదా నదిలో చేపలు పడుతున్న ఇద్దరు అన్నదమ్ముల వలలో కన్నన్ విగ్రహం పడిందనీ, ఈ ఆలయం అలా మొదలైందనీ స్థలపురాణం. కన్నన్ అంటే మన అవలోకితేశ్వరుడే. కానీ 1945 మార్చి 10 నాటి వైమానిక దాడిలో ప్రధాన మందిరం, అయిదంతస్తుల పగోడా కాలిపోయాయి. ఇప్పుడు మనం చూసే మందిరం 1958లోనూ, పగోడా 1973లోనూ తిరిగి కట్టినవి. కమినారిమోన్ 1865లోనే అగ్నిప్రమాదంలో పోయింది, ఇప్పటిది 1960 నాటిది. ఈ మూడింటినీ తీసుకుని వచ్చేస్తే మీ దగ్గర ఉండేది అందమైన ఎర్రటి కొత్త కట్టడాల ఆల్బమే.

పాతదనం కావాలంటే తూర్పు వైపు నడవండి. అక్కడి నితెన్‌మోన్ ద్వారం, దాని పక్కనున్న అసకుసా షింతో (జపాన్ స్థానిక మతం) మందిరం 1649 నాటివి, యుద్ధాన్ని తట్టుకుని నిలిచాయి. ఇంకా నాకు ప్రాణమైనది ప్రధాన మందిరం దగ్గరి జింకో చెట్టు. ఆ దాడి మంటల్లో అదీ కాలింది. కాండం మీద బొగ్గులా నల్లబడిన చోటు ఇప్పటికీ ఉంది. రెండు వైపుల నుంచీ కొత్త బెరడు పెదవుల్లా ఉబ్బి ఆ గాయాన్ని మూయడానికి పెరుగుతూ వచ్చింది. 50 ఎంఎం లెన్స్‌తో దగ్గరగా వెళ్ళి, మబ్బు పట్టిన వేళ తీయండి. ఎండలో ఆ నలుపులోని వివరాలన్నీ పోతాయి. పెద్ద మందిరాన్ని ఎంత బాగా తీసినా ఈ చెట్టు చెప్పినంత చరిత్ర చెప్పదని నా గట్టి నమ్మకం.

ఇక వెలుతురు సంగతి. ఆలయం దక్షిణ ముఖంగా ఉంటుంది. చలికాలంలో సూర్యుడు కిందుగా ఉంటాడు కాబట్టి ముందు భాగం చాలాసేపు వెలుగులో ఉంటుంది. వేసవి మధ్యాహ్నం మాత్రం చూరు నీడ ముఖభాగాన్ని మింగేస్తుంది. మందిరం ముందు పెద్ద ధూపపాత్ర ఉంటుంది. మనం హారతి కళ్ళకద్దుకున్నట్టు భక్తులు ఆ పొగను చేతులతో తల మీదికి, భుజాల మీదికి తెచ్చుకుంటారు. ఆ పొగను ఆలయం మెట్ల వైపు నుంచి దక్షిణానికి తిరిగి తీయండి. సూర్యుడు పొగ వెనక ఉంటాడు, ఒక్కొక్క పాయా విడిగా వెలుగుతుంది. ఎరుపు రంగు మాత్రం తొందరగా ముద్దయిపోతుంది. ఎక్స్‌పోజర్‌ను (కెమెరా తీసుకునే వెలుతురును) అర స్టాపు నుంచి ఒక స్టాపు దాకా తగ్గించి, తర్వాత సరిదిద్దుకునే వీలున్న రా (RAW) ఫార్మాట్‌లో తీసుకోండి.

మొక్కుకుంటున్నవారి ముఖాలకు ఎదురుగా మాత్రం దయచేసి కెమెరా పెట్టకండి. వెనక నుంచి, జోడించిన చేతులనో, వంగిన వీపునో తీసినా భక్తి కనిపిస్తుంది. మూలవిగ్రహం ఎవరికీ చూపించనిది, కాబట్టి దాని కోసం తంటాలు పడనక్కరలేదు. రద్దీలో ట్రైపాడ్ కూడా వద్దు.

వీధులకు సాయంత్రం కేటాయించండి. పశ్చిమాన దెన్‌బోయిన్ వీధిలో ఎదో (Edo) కాలపు, అంటే 17–19 శతాబ్దాల నాటి తీరులో అలంకరించిన దుకాణాలు, ఆ దగ్గర్లోనే హొప్పి వీధిలో బయటికి బల్లలు వేసిన చిన్న తిండిశాలలు, వాటి ఎర్ర లాంతర్లు ఉంటాయి. ఇక్కడ 35 ఎంఎం చాలు. ఇంకాస్త పడమరకు నడిస్తే వంటసామాను అమ్మే కప్పాబషి వస్తుంది, ప్లాస్టిక్‌తో చేసిన తిండి నమూనాలు అద్దాల వెనక బారులు తీరి ఉంటాయి. చీకటి పడ్డాక మళ్ళీ ఆలయానికి రండి. కట్టడాలకు దీపాలు వేస్తారు, జనం పలచబడతారు. పై నుంచి ఒక చిత్రం కావాలంటే కమినారిమోన్‌కు ఎదురుగా రోడ్డు దాటితే పర్యాటక సమాచార కేంద్రం ఉంది. కెంగో కుమా రూపొందించిన ఎనిమిదంతస్తుల భవనం అది. పై అంతస్తుకు ఉచితంగా వెళ్ళవచ్చు. నకామిసె వీధి నేరుగా ఆలయం దాకా గీత గీసినట్టు కనిపిస్తుంది, పక్కకు తిరిగితే 634 మీటర్ల స్కైట్రీ టవరు.

ఆ రెండు రోజుల్లో వాన పడితే గదిలో కూర్చోకండి. తడిసిన రాతిపలకల మీద ద్వారాల ఎరుపు, గొడుగుల రంగులు పరుచుకునే వేళ అది. గొడుగు పట్టుకుని కెమెరా నడపడం కష్టం కాబట్టి రెయిన్‌కోటు వేసుకోండి, లెన్స్ తుడవడానికి పొడిగుడ్డలు ఒకటికి రెండు పెట్టుకోండి.