జపాన్ కోటలు చూడబోయే మా చిన్నాకు

చిరంజీవి చిన్నాకు,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ప్రయాణం పట్టిక నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. ఏప్రిల్ మొదట్లో పది రోజులు, అందులో తొమ్మిది కోటలు. పొద్దున హిమేజి, మధ్యాహ్నం ఒసాకా, మర్నాడు హికోనే, ఆ సాయంత్రమే నగోయా. అక్కడ రైళ్లు చెప్పిన టైముకి వస్తాయి కాబట్టి కాగితం మీద అన్నీ కుదిరాయి. కానీ మీ అమ్మ మోకాళ్లకి కుదరాలి కదా. మీ మావయ్యా నేనూ నగోయాలో ఉన్న పదకొండేళ్లూ సెలవు దొరికితే చాలు, ఏదో ఒక కోట చుట్టూ తిరిగాం. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఆ తొమ్మిదిలో ఐదు కొట్టెయ్యి. మిగిలిన నాలుగూ కడుపునిండా చూడండి.

ఏవి ఉంచాలో తేల్చుకునే ముందు ఒక సంగతి తెలుసుకో. అంతస్తుల మీద అంతస్తులుగా, వంపు తిరిగిన కప్పులతో ఫొటోల్లో కనిపించే ఆ మేడని తెన్షు అంటారు. తోకుగావా వంశపు షోగున్లు, అంటే చక్రవర్తి పేరున దేశాన్ని ఏలిన సైన్యాధిపతులు, ఉన్న ఎడో కాలంలోనో అంతకు ముందో కట్టి, ఇప్పటికీ అదే కలపతో నిలబడ్డ తెన్షులు దేశం మొత్తం మీద 12 మాత్రమే. మిగతావి ఏమయ్యాయంటే, 1615లో తోకుగావా ప్రభుత్వం ఒక్కో సంస్థానానికి ఒక్క కోటే ఉండాలని ఆజ్ఞ వేసి, పైవన్నీ కూలగొట్టించింది. 1873లో, షోగున్ల పాలన పోయి చక్రవర్తి పేరున వచ్చిన మెయిజీ ప్రభుత్వం అసలు కోటలతోనే పనిలేదని చాలావాటిని అమ్మేసింది, పడగొట్టింది. అప్పటికీ మిగిలినవాటిలో నగోయా, ఒకాయామా, హిరోషిమా తెన్షులు 1945లో యుద్ధంలో పోయాయి. తర్వాత చాలా ఊళ్లవాళ్లు తమ కోటని కాంక్రీటుతో మళ్లీ కట్టుకున్నారు. బయటికి అచ్చం పాతదిలాగే ఉంటుంది. లోపలికెళ్తే మ్యూజియం, కొన్నింట్లో లిఫ్టు.

కాంక్రీటుది కాబట్టి వద్దు అనను. ఒసాకా తెన్షు 1931లో ఊరి జనం చందాలు వేసుకుని కట్టుకున్నది. దానికీ ఇప్పుడు వందేళ్లు కావస్తోంది. ఏది ఏమిటో తెలిసి వెళ్తే ఏదీ నిరాశపరచదు. తెలియకుండా వెళ్తేనే, ఇంత దూరం వచ్చి లిఫ్టు ఎక్కామా అనిపిస్తుంది.

ఆ 12లో హిమేజి, మత్సుమోతో, ఇనుయామా, హికోనే, మత్సుయే అనే ఐదూ జాతీయ నిధులు. మీకు రెండు చాలు, హిమేజి, మత్సుమోతో. వాటికి తోడు క్యోటోలో నిజో కోట, నగోయా కోట లోపల దొర ఉండే హొన్మారు భవనం. నా లెక్క ఇదీ.

హిమేజికి ఒక పూర్తి పొద్దు కేటాయించు. స్టేషన్ నుంచి బయటికి రాగానే ఎదురుగా వెడల్పాటి రోడ్డు, దాని చివర తెల్లటి కోట. బస్సు ఎక్కకుండా నడవండి, ఇరవై నిమిషాల లోపే. టికెట్ తీసుకుని లోపలికెళ్లాక అందరూ చేసే పొరపాటు ఒకటుంది. తెన్షు ఎక్కడమే పని అన్నట్టు తలొంచుకుని పరిగెడతారు. కోట ఉన్నది దారిలో, చిన్నా. శత్రువుని తిప్పి తిప్పి అలసిపోయేలా చెయ్యడానికే ఆ దారి కట్టారు. ద్వారాలకి మన అ ఆ ఇ ఈల్లాగా ఇ, రొ, హ, ని, హొ అని వాళ్ల పాత అక్షరమాల వరసలో పేర్లు. ఒక ద్వారం దాటగానే ఎదురుగా తెన్షు కనబడుతుంది, ఇక వచ్చేశాం అనుకుంటావు. పది అడుగులు వేస్తే దారి అటు తిరిగి, తెన్షు వీపు వెనక్కి పోతుంది. లోపలికి వెళ్లేకొద్దీ ద్వారాలు ఇరుకవుతాయి, పొట్టివవుతాయి. అలాంటి ప్రతి మలుపు దగ్గరా ఆగి, వచ్చిన దారి వైపు తిరిగి చూడు. నిన్ను గురిపెట్టడానికి గోడలో ఎన్ని కన్నాలున్నాయో అప్పుడు కనిపిస్తుంది. గుండ్రంవి, మూడు మూలలవి, నాలుగు మూలలవి తుపాకులకి, నిలువుగా పొడుగ్గా ఉన్నవి బాణాలకి. ఒక కన్నంలోంచి కన్నుపెట్టి కిందికి చూడమని మా కోడలికి చెప్పు. దారి మొత్తం అరచేతిలో ఉన్నట్టు కనబడుతుంది.

రాతి గోడలో ఒకచోట చిన్న తిరగలి రాయి ఉంటుంది, దాని మీద ఇనుప వల వేసి ఉంచారు. తర్వాత జపాన్ మొత్తాన్ని ఏలిన హిదెయోషి ఈ కోట కడుతూ రాళ్లు చాలక ఇబ్బంది పడుతున్నాడని విని ఒక పేద ముసలామె తన తిరగలి రాయి ఇచ్చేసిందట. అది కథే కావచ్చు. అయినా దాని ముందు నిలబడకుండా నేను ఎప్పుడూ దాటిపోలేదు.

తెన్షు లోపల నువ్వు అనుకున్నట్టు సింహాసనాలూ శయ్యలూ ఉండవు. ఖాళీగా, చీకటిగా, చెక్క వాసనతో ఉంటుంది. గోడలకి ఆయుధాలు తగిలించే కొయ్యలుంటాయి, అంతే. ఇది నివాసం కాదు, యుద్ధం వస్తే చివరిగా నిలబడే చోటు. దొర మామూలు రోజుల్లో కింద వేరే భవనంలో ఉండేవాడు. ఈ మాట ముందే తెలిస్తే ఆ ఖాళీ వెలితిగా అనిపించదు. బయటినుంచి ఐదంతస్తులు, లోపల నేలమాళిగతో కలిపి ఏడు. వాటన్నిటినీ మోస్తూ తూర్పున ఒకటి, పడమట ఒకటి రెండు మహా స్తంభాలు కింద నుంచి పైదాకా వెళ్తాయి. తూర్పుది ఇకెదా తెరుమాసా 1609లో కోట పూర్తిచేసిన నాటిది. పడమటిది 1956-64 మరమ్మతుల్లో కొత్తగా వేసింది. రెండిటినీ దగ్గరగా చూడు. 1945 జూలైలో ఈ ఊరు తగలబడిన రాత్రి పై అంతస్తు మీద పడ్డ నిప్పు బాంబు పేలలేదు. అది గుర్తుకొస్తే ఆ చెక్క చూసే తీరే మారిపోతుంది.

దిగి వచ్చాక చాలామంది నేరుగా గేటు వైపు వెళ్లిపోతారు. మీరు మాత్రం పడమటి ప్రాకారంలోని పొడుగాటి వసారా కూడా చూడండి. మొదటి తోకుగావా షోగున్ ఇయెయసు మనవరాలు సెన్ హిమే ఉన్నది అక్కడే. ఒసాకా కోట 1615లో కూలినప్పుడు ఆమె మొదటి భర్త, హిదెయోషి కొడుకు హిదెయోరి అక్కడే చనిపోయాడు. ఆమె బయటపడి, రెండో పెళ్లితో హిమేజికి వచ్చింది. ఒసాకాలో ఎలాగూ దిగుతున్నారు కాబట్టి అక్కడ తెన్షు ఎక్కకపోయినా ఒక గంట ప్రాకారం లోపల తిరగండి. సకురా ద్వారం దగ్గర ఒక్కటే రాయి గోడంత ఉంటుంది, బరువు 108 టన్నులని అంచనా. హిదెయోషి కోటని తోకుగావావాళ్లు మట్టితో పూడ్చేసి, దాని మీద కొత్తగా కట్టిన గోడలవి. ఆమె కథ తెలిసి ఆ రాళ్లు చూస్తే రెండు ఊళ్లూ ఒక్కటైపోతాయి.

ఇక మెట్ల సంగతి. ఇది అన్నిటికంటే జాగ్రత్తగా చదువు.

చెక్క తెన్షుల్లో గుమ్మం దగ్గరే చెప్పులు విప్పాలి. ప్లాస్టిక్ సంచి ఇస్తారు, చెప్పులు అందులో పెట్టి చేత్తో పట్టుకుని తిరగాలి. మెట్లు మెట్లలా ఉండవు, నిచ్చెనలా ఉంటాయి. మత్సుమోతోలో, హికోనేలో కొన్నిచోట్ల వాలు 60 డిగ్రీలు దాటుతుంది. ఒక్కో మెట్టు మోకాలి దగ్గరికి వస్తుంది, వందల ఏళ్ల పాదాలకి నున్నగా అరిగి ఉంటుంది. మేం వెళ్లిన మొదటి ఏడాది ఒక కోటలో నేను పల్చటి నైలాన్ మేజోళ్లతో, ఒక చేతిలో చెప్పుల సంచి, భుజాన హ్యాండ్‌బ్యాగు వేసుకుని దిగుతూ మూడు మెట్లు జారాను. చీలమండ వాచి నెల రోజులు ఇంట్లో కూర్చున్నాను. అప్పటినుంచి నా పద్ధతి ఇదీ. అరికాలికి రబ్బరు చుక్కలున్న మందపాటి మేజోళ్లు వేసుకోవాలి. భుజాన ఏమీ ఉండకూడదు, సామాను స్టేషన్ లాకర్లో పెట్టేయాలి. చెప్పుల సంచి మణికట్టుకి తగిలించుకుని రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోవాలి. దిగేటప్పుడు నిచ్చెన దిగినట్టు మెట్ల వైపు మొహం పెట్టి దిగాలి. వెనక జనం ఉన్నారని కంగారు పడకు, అక్కడ ఎవరూ తొందరపెట్టరు. ఏప్రిల్లో కూడా ఆ చెక్క నేల పొద్దున్నపూట మంచులా ఉంటుంది, మందపాటి మేజోళ్లు అందుకూ పనికొస్తాయి.

మీ అమ్మని తెన్షుల పైకి ఎక్కించకు. తను మొహమాటంతో సరే అంటుంది, నువ్వే వద్దను. మత్సుమోతోలో కందకం పక్కన బల్ల మీద కూర్చుంటే నల్లటి కోట నీళ్లలో, వెనకాల మంచు కొండలు. పైకి ఎక్కినవాళ్లకి కోట కనబడదు, కింద కూర్చున్నవాళ్లకే కనబడుతుంది. ఈ కోట గురించి తనకి ఒక మాట చెప్పు, తనకి ఇలాంటివి ఇష్టం. మెయిజీ రోజుల్లో దీన్ని వేలంలో అమ్మేశారు. కూల్చేయబోతుంటే ఇచికావా ర్యోజో అనే ఆ ఊరి మనిషి కోటలోనే ప్రదర్శనలు పెట్టించి, వచ్చిన డబ్బుతో దాన్ని తిరిగి కొనిపించాడు. మీరిద్దరూ ఎక్కినప్పుడు కిటికీల్లేని ఆ దాపుడు అంతస్తు చూడండి, బయటినుంచి లెక్కపెడితే అది లెక్కకి రాదు. చివర్లో వెన్నెల చూడ్డానికి కట్టిన గది ఉంది. యుద్ధాలు ఆగిపోయాక 1630ల్లో చేర్చారు. అంత కటిక కోటకి ఆ తెరిచిన గది అంటుకుని ఉండడం నాకు ఎంతో బాగుంటుంది.

నిజో, హొన్మారు రెండూ మీ అమ్మ కోసం. మెట్లు లేవు, నేల మీద నడకే. నిజోని ఇయెయసు 1603లో కట్టించాడు. 1867లో ఆఖరి షోగున్ యొషినోబు అధికారాన్ని చక్రవర్తికి అప్పగిస్తున్నానని ప్రకటించింది కూడా అక్కడే. నినోమారు భవనంలో నడుస్తుంటే అడుగు వేసినప్పుడల్లా నేల పిట్టలా కూస్తుంది. పలకల కింద ఇనుప బందులూ మేకులూ రాసుకుని వచ్చే చప్పుడది. గుంపు ముందుకెళ్లేదాకా ఆగి, మీ అమ్మని ఒక్కదాన్నే నాలుగడుగులు వెయ్యమను. అప్పుడే అది వినబడుతుంది. లోపల ఫొటోలు తియ్యకూడదు, ఫోన్ జేబులో పెట్టేయ్. తలుపుల మీద పులుల్ని వెతకండి. కానో అనే చిత్రకారుల వంశంవాళ్లు బతికున్న పులిని చూడకుండా, తోళ్లు చూసి వేసినవి. మచ్చల చిరుతని ఆడపులి అనుకుని పక్కనే వేశారు.

నగోయాలో కాంక్రీటు తెన్షు 2018 నుంచి మూసి ఉంది, దాని కోసం వెళ్లకు. హొన్మారు భవనం అదే ఏడాది పూర్తిగా తెరిచారు. 1945లో కాలిపోయినదాన్ని, యుద్ధానికి ముందు తీసిన కొలతలు చూసుకుంటూ చెక్కతో మళ్లీ కట్టారు. అసలు తలుపుల బొమ్మల్ని ముందే వేరేచోట దాచారు కాబట్టి అవి దక్కాయి, గదుల్లో ఉన్నవి వాటి నకళ్లు. బయటికి వచ్చాక కందకం గోడ దగ్గర ఆగండి. రాళ్ల మీద సున్నాలు, త్రికోణాలు, గీతలు చెక్కి ఉంటాయి. 1610లో ఇయెయసు పడమటి దొరల చేత ఈ గోడలు కట్టించాడు. ఎవరి రాయి ఎవరిదో గొడవ రాకుండా ఒక్కో దొర మనుషులు తమ గుర్తు వేసుకున్నారు. నేను ఆదివారాలు మీ మావయ్యతో ఆ గుర్తులు లెక్కపెట్టేదాన్ని. ఒకసారి కన్ను అలవాటు పడితే ప్రతి కోటలోనూ వెతుక్కుంటావు.

వేళల గురించి కొంచెం. చాలాచోట్ల సాయంత్రం 5కి మూస్తారు, దానికి అరగంటో గంటో ముందే లోపలికి వదలడం ఆపేస్తారు. మీరు వెళ్లేది చెర్రీ పూల రోజులు. హిమేజికి తెరిచే టైముకి ముందే వెళ్లి నిలబడండి, పదింటికల్లా క్యూ కదలదు. పూలు హిమేజిలో ముందు, చలి ఊరు కాబట్టి మత్సుమోతోలో కాస్త ఆలస్యంగా వస్తాయి. అందుకే మత్సుమోతోని ప్రయాణం రెండో సగంలో పెట్టు. కోట సొంత సైట్ చూసి, ఆన్‌లైన్ టికెట్ ఉంటే ముందే తీసుకో. మత్సుమోతోలో ఇంగ్లీషు మాట్లాడే వాలంటీర్లు ఉచితంగా కోట చూపిస్తారు. తప్పకుండా వాళ్లతో తిరగండి. పెద్ద కోటల్లో రబ్బరు స్టాంపులుంటాయి, ఒక చిన్న పుస్తకం కొనుక్కుని మీ అమ్మ చేత వేయించు.

తిరుగు విమానం టోక్యో నుంచే కదా. చివరి రోజు చక్రవర్తి ప్రాసాదం తూర్పు తోటకి వెళ్లండి. ప్రవేశం ఉచితం, సోమ, శుక్రవారాలు మాత్రం మూసి ఉంటుంది. టోక్యో పాత పేరు ఎడో, అక్కడ ఎడో కోట తెన్షు దిమ్మ ఉంది, రాళ్లు మాత్రమే. 1657 అగ్నిప్రమాదంలో పైది కాలిపోయింది. మళ్లీ కడదామంటే షోగున్‌కి సలహాదారైన హొషినా మసయుకి, ముందు కాలిన ఊరిని కట్టాలి, తెన్షు తర్వాత అన్నాడు. మళ్లీ కట్టనే లేదు. ఆ దిమ్మ మీదికి నడిచే దారి వాలుగా ఉంటుంది, వదిన మెల్లగా ఎక్కగలదు. పైన కూర్చోడానికి బల్లలున్నాయి.

పట్టిక మార్చి మళ్లీ పంపు, రైళ్లు నేను చూసి పెడతాను. వదినకి మోకాలి పట్టీలు రెండు జతలు పెట్టు. రబ్బరు చుక్కల మేజోళ్లు మా దగ్గర కొత్తవి మూడు జతలున్నాయి, ఆదివారం వచ్చి తీసుకెళ్లు.

మీ చిన్నత్త