చెరువు పచ్చబడ్డాక చేపల రకాలు ఎందుకు తగ్గుతాయి?

మీ ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: ఊరి మురుగు కాలువ మా చెరువులో కలిసి పదేళ్లు దాటింది. మొదటి మూడు నాలుగేళ్లు చేప బాగా ఎదిగింది. ఇప్పుడు వలలో జిలేబీ చేప (తిలాపియా) తప్ప మరొకటి పెద్దగా పడటం లేదు. నీళ్లు పచ్చగా ఉంటే చేపకు మేత ఎక్కువే కదా?
– మత్స్య సహకార సంఘం సభ్యుడు, నల్గొండ జిల్లా

జవాబు: మురుగులోని భాస్వరం, నత్రజని మొదట్లో చెరువుకు ఎరువులా పనిచేస్తాయి. ప్లాంక్టన్ (నీటిలో తేలాడే సూక్ష్మజీవులు) పెరుగుతుంది, దాన్ని తినే బొచ్చె లాంటి చేపలు బలుస్తాయి. నష్టం మొదలయ్యేది కూడా ఆ మంచి రోజుల్లోనే. నీరు చిక్కబడేకొద్దీ వెలుతురు అడుగుకు చేరదు కాబట్టి నీట మునిగి పెరిగే మొక్కలు ముందుగా పోతాయి. వాటిని అంటిపెట్టుకుని బతికే నత్తలు, తూనీగ పిల్లలు, వాటి మధ్య గుడ్లు పెట్టి పిల్లల్ని దాచుకునే చిన్న చేపలు ఆ వెనకే తగ్గుతాయి. శైవలాలను, అంటే సన్నటి నాచును మేసి నీటిని తేటపరిచే జంతు ప్లాంక్టన్ పగలంతా ఆ మొక్కల చాటునే ఉంటుంది. చాటు పోతే చేపలు దాన్ని ఏరుకు తినేస్తాయి. దాంతో నీరు ఇంకా పచ్చబడుతుంది.

తర్వాత ఆ పచ్చదనం రకమే మారుతుంది. మైక్రోసిస్టిస్ లాంటి నీలి ఆకుపచ్చ నాచు తేలి వచ్చి, పెయింటు ఒలకబోసినట్టు గాలివాటు గట్టున తెట్టు కడుతుంది. దాన్ని చాలా జీవులు సరిగా తినలేవు. అందులో కొన్ని రకాలు విషం కూడా తయారుచేస్తాయి, ఆ తెట్టున్న చోట పశువుల్ని నీళ్లు తాగనివ్వకండి. కాబట్టి పచ్చగా ఉన్నదంతా మేత కాదు.

ఎండ ఉన్నంతసేపూ నాచు ఆక్సిజన్ ఇస్తుంది, మధ్యాహ్నానికి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 9 దాటుతుంది. ఆ పీహెచ్‌లో నీటిలోని అమ్మోనియా చేపకు విషమయ్యే రూపంలోకి మారుతుంది. రాత్రి అదే నాచు ఆక్సిజన్ తాగేస్తుంది. తెల్లవారుజామున అది లీటరుకు 2 మిల్లీగ్రాముల లోపుకు పడిపోతే చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. రోజూ ఇదే జరిగితే ఓర్చుకునేవే మిగులుతాయి: జిలేబీ, గాలి పీల్చగల మార్పు చేప, ఇంగిలాయి చేప. కొర్రమీను కూడా గాలి పీలుస్తుంది కానీ మొక్కల మధ్య గూడు కట్టుకుంటుంది, అందుకే మొక్కలు పోయిన చెరువులో దానికీ కష్టమే. పట్టిన చేపల మొత్తం బరువు తగ్గకుండానే రకాలు పోతుంటాయి కాబట్టి సంఘం పుస్తకంలో కిలోలతో పాటు ఏ రకం ఎంతో విడివిడిగా రాయండి.

ప్రశ్న: తప్పు పొలాల ఎరువుదా, ఊరి మురుగుదా? ఎంత కలిస్తే ప్రమాదం?
– రైతు, సూర్యాపేట

జవాబు: 50 కిలోల డీఏపీ బస్తాలో అసలు భాస్వరం 10 కిలోలు. 25 ఎకరాల చెరువులో సగటున మీటరు లోతు నీరుంటే లక్ష ఘనపు మీటర్లు. ఆ పది కిలోలూ కరిగితే లీటరుకు 100 మైక్రోగ్రాములవుతుంది. 35 దాటితేనే పోషకాలు మితిమీరినట్టు లెక్క. అయితే పొలంలో వేసిన భాస్వరం చాలావరకు మట్టిని పట్టుకుని ఉంటుంది, తొలకరి వానలకు మట్టి కోసుకుపోతేనే చెరువు చేరుతుంది. మురుగులోది అలా కాదు. కరిగిన రూపంలో, నీళ్లు తగ్గిన ఎండాకాలంలో కూడా రోజూ వస్తుంది. మనిషి నుంచి రోజుకు సుమారు ఒక గ్రాము భాస్వరం బయటికి వస్తుంది. వెయ్యి మంది ఊరిలో అయిదో వంతు చెరువు చేరినా ఏడాదికి 73 కిలోలు, అంటే ఏడు బస్తాల పైమాటే. ముందు కాలువ సంగతి చూడండి.

నత్రజని ఒక్కటే తగ్గిస్తే చాలదు. కెనడాలోని ఒంటారియోలో 1973లో ఒక సరస్సును నడుమ తెర కట్టి రెండుగా చేశారు. రెండు వైపులా కార్బన్, నత్రజని వేసి, ఒక వైపు మాత్రమే భాస్వరం కలిపారు. ఆ వైపే పచ్చబడింది.

ప్రశ్న: ప్రయోగశాలకు పోకుండా నీటి స్థితి తెలుసుకునే మార్గం ఉందా?
– ఉపాధ్యాయిని, ఖమ్మం

జవాబు: ఉంది. 20 సెంటీమీటర్ల రేకు పళ్లేన్ని నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు మార్చి మార్చి రంగు వేయండి. అడుగున బరువు కట్టి, పది సెంటీమీటర్లకొక గుర్తు పెట్టిన తాడుతో దించండి. కనపడకుండా పోయిన లోతు, పైకి లాగుతుంటే మళ్లీ కనపడిన లోతు, ఈ రెండింటి సగటు రాసుకోండి. అది తగ్గుతూ పోతే నీరు చిక్కబడుతున్నట్టు. పదిహేను రోజులకోసారి, ఒకే చోట, ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు లోపు, పడవ నీడ పడే వైపు చూడాలి. వాన పడ్డ వారంలో కొలిస్తే లెక్క తప్పుతుంది. అప్పటి మసక బురదది, నాచుది కాదు. అందుకే నీటి రంగు కూడా రాయించండి.

ప్రశ్న: మురుగు ఆపేస్తే ఎన్నాళ్లకు బాగవుతుంది? పోయిన జాతులు తిరిగొస్తాయా?
– పాఠకుడు, వరంగల్

జవాబు: అమెరికాలోని సియాటిల్ నగరం పక్కన వాషింగ్టన్ సరస్సులోకి పోయే మురుగును 1963 నుంచి 1968 లోపు మళ్లించారు, కొన్నేళ్లకే తేటపడింది. అది లోతైన సరస్సు. మన చెరువులు లోతు తక్కువ, ఏళ్ల తరబడి దిగిన భాస్వరం అడుగు బురదలో ఇనుముతో కలిసి ఉంటుంది. అడుగున ఆక్సిజన్ అయిపోయినప్పుడల్లా అది విడివడి మళ్లీ నీటిలోకి వస్తుంది. ఐరోపా, ఉత్తర అమెరికా సరస్సుల్లో భాస్వరం కొత్త స్థాయికి కుదురుకోవడానికి ఎక్కువగా 10–15 ఏళ్లు పట్టింది.

మనకున్న వెసులుబాటు, ఎండాకాలంలో చెరువు ఎండటం. మురుగు మళ్లించాకే పూడిక తీయండి, ముందు తీస్తే శ్రమ వృథా. పైనున్న నల్లటి బురదను పొలాలకు తోలుకోవాలి. కట్ట మీద పోస్తే తొలి వానకే తిరిగి దిగుతుంది. ఒక మూల తవ్వకుండా వదిలేయండి, మొక్కల విత్తనాలు ఆ మట్టిలోనే ఉంటాయి. గుర్రపుడెక్కను కుళ్లకముందే దూరంగా తరలించాలి. మందు కొట్టి చంపితే పోషకాలన్నీ నీటిలోనే మిగులుతాయి. టన్ను పచ్చి డెక్కలో భాస్వరం అరకిలో కూడా ఉండదు కనుక అదొక్కటే వైద్యం అనుకోవద్దు. మొక్కలు నిలదొక్కుకునేదాకా బురద కెలికే బంగారుతీగను, మొక్కలు మేసే గడ్డిచేపను వదలకండి. సంఘాలు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

గొలుసుకట్టు చెరువుల్లో పైచెరువు బాగుంటే వానాకాలం అలుగు నీటితో చేపలు వాటంతటవే దిగొస్తాయి. ఒక్క సరస్సులోనే ఉండే జాతులకు ఆ అవకాశం లేదు. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో సిక్లిడ్ చేపల ఆడవి మగవాటి రంగు చూసి జత కడతాయి. నీరు మసకబారిన చోట రంగులు తెలియక దగ్గరి జాతులు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. అలా కలిసిపోయిన జాతిని, నీరు మళ్లీ తేటపడినా, వెనక్కి తేలేం.